నోరు తిరగని మందులు

మా రోజుల్లో రాచపుండుకు ఇంత హంగామా లేదు. శ్రీకాకుళం వైపు పల్లెల్లో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలకు అంగిట్లో పుండు లేచేది. పట్నం తీసుకెళ్లి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించేవాళ్లు. బుగ్గ నల్లగా కమిలిపోయేది, నోరెండిపోయి గంజి కూడా దిగేది కాదు. తగ్గితే దేవుడి దయ, లేదంటే తలరాత. పొలం మాత్రం మిగిలేది.

ఇప్పుడో? నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్, డుర్వాలుమాబ్ అంటూ మనవడు ఫోన్‌లో చూసి చదువుతాడు. మోనోక్లోనల్ యాంటీబాడీలు కనుక అన్నిటికీ తోక 'మాబ్' అట. నోరు తిరగని పేరు పెడితే ధర అడగడానికీ నోరు రాదని కాబోలు!

మందు మంచిది కాదని నేననను. ఒంట్లో కాపలా కాసే టీ కణాలకు పీడీ-1 అనే బ్రేకుంటుంది. క్యాన్సరు దాన్ని తొక్కిపెట్టి దర్జాగా పెరుగుతుంది. ఈ మందు వెళ్లి ఆ బ్రేకు పడకుండా అడ్డుకుంటుంది. ఇలాంటి దారి కనిపెట్టినందుకే ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో, 90 ఏళ్ల వయసులో, మెలనోమా మెదడుకు పాకితే రేడియేషన్‌తో పాటు పెంబ్రోలిజుమాబ్ ఎక్కించారు. ఆయన నూరేళ్లు నిండాకే పోయాడు. అయితే అందరికీ ఆ అదృష్టం పట్టదు. ఒక్కోసారి బ్రేకు తీసిన ఆ కణాలే థైరాయిడ్ మీదా, ఊపిరితిత్తుల మీదా పడతాయి.

నా గొడవల్లా డబ్బు దగ్గరే. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు తల, మెడ క్యాన్సరు ముదిరిన 151 మందిని రెండు జట్లు చేశారు. రెండు జట్లకూ మాత్రలు ఇచ్చి, ఒక జట్టుకు మాత్రం నివోలుమాబ్ కూడా కలిపారు. మామూలుగా 240 మిల్లీగ్రాములు ఎక్కించే మందును మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చారు. ఏడాదికి మాత్రల జట్టులో నూటికి 16 మంది బతికుంటే, మందు కలిపిన జట్టులో 43 మంది ఉన్నారు. మన అడ్డపొగ ముసలమ్మలకు కావలసిన లెక్క ఇది కాదూ?

మొన్న మా బావమరిదికి నోటి క్యాన్సరని ఓ ఆసుపత్రికి వెంట వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు పూర్తి డోసుకి ఎస్టిమేటు తీసి చేతిలో పెట్టాడు. కళ్లజోడు లేకపోయినా సున్నాలు కనబడ్డాయి. "బాబూ, ఆ ఇరవై మిల్లీగ్రాముల సంగతి డాక్టరుగారిని ఒక్కసారి అడిగి చెప్తావా?" అన్నాను.

"పెద్దాయనా, మీరలా బయట కూర్చోండి. పేషెంటు కొడుకుని పిలవండి" అన్నాడు.