పనిముట్లు పరులవి, విమానము నాది

వడ్రంగికి బాడిస యున్నది, కుమ్మరికి సారె యున్నది, దర్జీకి కత్తెర యున్నది. ఆ కత్తెరపై పరుల చేయి పడినచో ఎంతటి సాధువైన దర్జీయైనను నరసింహావతారము దాల్చుట మనమెఱిగినదే. ఇట్లు లోకములోని సమస్త వృత్తులకును స్వకీయములైన పనిముట్లు విధింపబడియుండగా, ప్లాస్టిక్కు ముక్కలనతికి విమానములను, యుద్ధనౌకలను, వీరపురుషులను నిర్మించు నావంటివారికి మాత్రము బ్రహ్మదేవుడు ఒక్క పనిముట్టునైనను కేటాయింపక, ఇరుగుపొరుగిండ్లలో అడిగి తెచ్చుకొమ్మని నొసట వ్రాసినట్లున్నది. ఈ విద్యకై ప్రత్యేకముగా చేసిన కత్తెరలును, పట్టకార్లును జపాను దేశమున దొరకకపోలేదు. వాని వెల మాత్రము అచ్చంపేటలో, అందును మా ఇంటిలో, బిగ్గరగా చెప్పదగినది కాదు.

ఈ పరిశ్రమలో ఎయిర్‌ఫిక్స్ వారికి మూలపురుషుడు యుద్ధవిమానము కాదు, ట్రాక్టరు. 1949లో ఇంగ్లండునందలి ఆ సంస్థవారు, ఫెర్గూసను ట్రాక్టర్ల విక్రేతలు చేతబట్టుకొని తిరుగుటకై ఒక చిన్న ట్రాక్టరు బొమ్మను చేసి, తరువాత దానినే ముక్కలుగా అమ్మిరి. ఈ సంగతి చెప్పిననాటినుండి మా ఊరి రైతులలో నాపట్ల కొంత గౌరవమేర్పడినది; అంతకు పూర్వము నేను బొమ్మలాడుకొను ముసలివాడను. జపానులో 1946లో కలప వ్యాపారముగా మొదలైన తామియావారు 1960లో యమాతో యుద్ధనౌకతో ప్లాస్టిక్కులోనికి ప్రవేశించిరి. వారి ట్యాంకులు అసలులో 35వ వంతుండుటకు కారణము గణితశాస్త్రము గాదు. తొలి ట్యాంకు కడుపులో బ్యాటరీలు పట్టవలసివచ్చుటయే. కొలతలలో తప్పులు పట్టు మేధావులు మా అరుగెక్కినప్పుడెల్ల వారికి ఈ బ్యాటరీల పురాణమును వినిపించుచుందును.

నేను ప్రస్తుతము చేపట్టినది నాట్ విమానము. బెంగుళూరులో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారి చేతులమీదుగా వెలువడి, 1965లోను 1971లోను యుద్ధములలో పాకిస్తానువారి సేబర్ విమానములను ముప్పుతిప్పలు పెట్టిన పొట్టి వీరుడది. తొమ్మిది మీటర్లకు కొంచెము తక్కువయైన ఆ విమానము 72వ వంతునకు దిగి, సుమారు 12 సెంటీమీటర్లయి, నా అరచేత ఒదుగును. పెట్టెలో మాత్రము విమానముండదు, చట్రములకంటుకొనియున్న ముక్కలుండును. వానిని చేతితో విరిచినవాడు ఈ విద్యకు అనర్హుడు. మొదట ముక్కకు ఎడముగా, చిన్న తొడిమ మిగులునట్లు కత్తిరించి, పిమ్మట ఆ తొడిమను మెల్లగా కోసి, శేషమును ఆకురాయితో రాచవలెను. కత్తిరించుటకు మా కోడలి నెయిల్ కట్టరు మిక్కిలి యోగ్యమైనది. ఆకురాయికై మా వీధి ఆచారిగారినాశ్రయించితిని. ఆయన దానిని నా చేతిలో పెట్టబోయి, మరల వెనుకకు తీసికొని, "మాస్టారూ, దీని పళ్ళల్లో బంగారప్పొడి ఉంటది. దాంట్లో మీ ప్లాస్టిక్ పొడి కలిసిందంటే రేపు నా తూకం ఏం గాను?" అనిరి. న్యాయమైన ప్రశ్నయే. చివరకు ఆయన కుమారుడు వెండిపనికి వాడు పాత ఆకురాయిని బదులిచ్చి నా పరువు నిలిపెను.

అతుకు విషయమున లోకమునకు పెద్ద భ్రాంతి కలదు. దీనికి వాడునది జిగురు కాదు, ద్రావకము. రెండు ముక్కలను ముందు చేర్చి పట్టుకొని, సందు దగ్గర కుంచెను తాకించినచో, ద్రవము తనంతట తానే ఆ సందువెంట పరుగెత్తి, ఇరువైపుల ప్లాస్టిక్కును కరగించి ఏకము చేయును. తెల్లవారునంతవరకు వానిని కదలనీయక అదిమియుంచుటకు బట్టల క్లిప్పులకు మించినవి లేవు. ఆ రాత్రి మా గృహిణి పట్టుచీర పొరుగువారి డాబామీద విశ్రమించినదనుట వేఱు విషయము. ఫెవిక్విక్ మాత్రము కాక్‌పిట్టు అద్దము దరికి రారాదు. దాని ఆవిరి సోకినంతనే అద్దముపై తెల్లని మసక క్రమ్మి, లోపలి వైమానికుడు అదృశ్యుడగును. అచ్చట వాడవలసినది తెల్లగా పూయబడి, ఆరినపిదప కనబడకుండపోవు ఫెవికాల్. అది మా మనుమని బడిసంచిలో నుండును.

ఇదంతయు పాశ్చాత్యవిద్య యని ఎవరైన ఈసడించినచో వారిని కృష్ణకు ఆవలియొడ్డున నున్న కొండపల్లికి పంపుచుందును. అచ్చట తెల్లపొణికి కఱ్ఱను ఆరబెట్టి, ఏనుగునకు కాళ్ళు వేఱుగ, తొండము వేఱుగ, అంబారీ వేఱుగ చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, పైన సున్నము పూసి, అటుపిమ్మట రంగులు దిద్దుచున్నారు. మేము సందులలో నింపు పుట్టీయే ఆ మక్కు. రంగునకు ముందు కొట్టు ప్రైమరే ఆ సున్నము. భేదమొక్కటే: వారు ఏనుగును చెక్కగలరు, మేము కొనుక్కొందుము.

రంగును పాలంత పలుచగా కలుపవలెనని గ్రంథములన్నియు ఘోషించుచున్నవి. ఈ వాక్యమును నేను గట్టిగా చదువగా, వంటింటిలోనుండి మా గృహిణి, "ఏ పాలండీ? మన గేదె పాలా, పొద్దున వచ్చే పాకెట్ పాలా?" అని అడిగినది. ఆ గ్రంథకర్తలలో ఒక్కడైనను గేదెను చూచియుండడు. ప్రయోగములవలన తేలినదేమనగా, కుంచెకు గేదె పాలు, రంగును చిమ్ము తుపాకికి పాకెట్టు పాలు. అయితే రెంటచింతల ఎండలు పత్రికలకెక్కు మా పల్నాటి వేసవిలో ఈ రంగు రెక్కను చేరకమునుపే కుంచెమీదనే ఎండిపోవును. కావున కోడికూతవేళ లేచి, ఒక్క దట్టమైన పూతకు బదులు పలుచని పూతలనేకము వేసి, ఎండ పొడవకమునుపే ముగింపవలెను.

ఎండకన్న గొప్ప శత్రువు మిరప. కళ్ళములలో కాయ ఆరెడు మాసములలో ఊరంతయు ఘాటు; సరిగా పట్టకారుకొనన గోధుమగింజలో సగమైన ముక్కయున్న క్షణమున తుమ్ము వచ్చును. ఒడిలో తువ్వాలు పరచి దాని కొనను బల్లకు బిగించుకొనుట ముందుజాగ్రత్త. అదియు తప్పినచో లేచి నడువరాదు. దీపములార్పి, టార్చిలైటును నేలమీద పండబెట్టి వెలిగింపవలెను. నేలబారు వెలుతురులో ఎంతటి సూక్ష్మవస్తువునకైనను పొడవైన నీడ పడును. ఈ ఉపాయముచే నాకు లభించినవి: ఒక మిరపగింజ, ఇంకొక మిరపగింజ, చిరకాలముగా కనబడని మా గృహిణి ముక్కుపుడక శీల. విమానపు ముక్క నేటికిని దొరకలేదు గాని, ఆనాటితో నా విద్యకు ఇంటిలో అధికారికమైన ఆమోదము లభించినది.

కార్తీకమున కారెంపూడి వీరులగుడిలో ఆయుధములకు ఉత్సవము జరుగు సీమ మాది. ఆ గర్వముచే మొన్నటి విజయదశమినాడు నేనును నా సామగ్రినంతయు పీటపై వరుసగా పేర్చి, కుంకుమ భరిణెను చేతబట్టితిని. కోడలు వచ్చి, "మామయ్యగారూ, ఇది నాదే కదండీ" యని నెయిల్ కట్టరును తీసికొనిపోయెను. మనుమడు ఫెవికాల్‌ను గుర్తించెను. ఆచారిగారింటినుండి ఆకురాయికై కబురు వచ్చెను; వారింటను అదే పూజ. క్లిప్పులను మా గృహిణి తడిచీరతోకూడ వచ్చి స్వయముగా ఏరుకొనెను. తుదకు పీటపై మోటారు షెడ్డువారు వాడిపారవేసిన వాటర్ పేపరు ముక్క యొక్కటి మిగిలెను. దానివైపు నేను కుంకుమవ్రేలు చాచుట చూచి ఆమె, "దానికి పెట్టబాకండి, చిరుగుద్ది" అనెను.