రొయ్యకు చెక్ ట్రే, మనిషికి క్వార్టరు

ఎక్కడో సముద్రం నడుమ ఒక చిన్న దీవి. ఆ దీవిలో ఒక చిన్న వైన్ షాపు. వారానికొక సాయంత్రం షాపాయన నాలుగైదు సీసాలు తెరిచి, ఊళ్లో వాళ్లను పిలిచి, తలా రెండు గుక్కలు పోసి, "ఎట్టుంది?" అని అడుగుతాడట. నచ్చినవాళ్లు సీసా కొనుక్కుంటారు. నచ్చనివాళ్లు షాపాయనకు దణ్ణం పెట్టి ఇంటికి పోతారు. ఈ కబురు మా నెల్లూరు జిల్లా విడవలూరు సెంటర్లో టీ అంగడి దగ్గర చెబితే దీవిని నమ్మారు, షాపును నమ్మారు, ఊరికే పోసే రెండు గుక్కల్ని కూడా కాస్త కష్టం మీద నమ్మారు. అమ్మేవాడు తాగేవాణ్ణి "ఎట్టుంది" అని అడగడం మాత్రం ఎవరికీ మింగుడు పడలేదు.

"బాగలేదంటే ఏం జేస్తాడంట? డబ్బులు ఎనక్కిస్తాడా?" అన్నాడు నాకు మామ వరసయ్యే పెద్దాయన.

"అదేం లేదు మామా, ఊరికే తెలుసుకుంటాడంట."

"తెలుసుకోని?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. మన దగ్గర మందు అనేది సర్కారుకు రాబడి, లైసెన్సుదారుకు వ్యాపారం, ప్రతిపక్షానికి ప్రసంగం, ఆస్పత్రికి కేసు, ఇల్లాలికి ఏడుపు. ఇన్ని శాఖల్లో రుచి ఏ శాఖ కిందకూ రాదు.

మన పద్ధతి చూడండి. ఇనప జాలీ. జాలీలో చెయ్యి పట్టేంత కంత. ఆ కంతలోంచి డబ్బు లోపలికి పోతుంది, సీసా బయటికొస్తుంది. పేరు చెప్పి అడిగేవాడు తక్కువ, రేటు చెప్పి అడిగేవాడు ఎక్కువ. "తొంభై తొమ్మిది ఒకటియ్యి" అంటే చాలు. కొన్నవాడు పది అడుగులు పక్కకేసి, మూత మెడ విరిచి, ప్లాస్టిక్ గ్లాసులోకి సగం వంచి, వాటర్ ప్యాకెట్ మూలను పంటితో కొరికి కలిపి, ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని ఒక్క గుటకలో దించేస్తాడు. వెంటనే మొహమంతా ముడుచుకుని ఓ ఊరగాయ బద్దో, నాలుగు ఉడకేసిన శనగలో నోట్లో వేసుకుంటాడు. నాలుకకు తగలకుండా గొంతు దాటించడంలోనే ఉంది విద్యంతా. పొరపాటున తగిలితే ఆ ఆనవాళ్లు చెరిపెయ్యడానికే మంచింగ్ కనిపెట్టారు.

వైన్ రుచి చూసేవాళ్ల శాస్త్రం దీనికి పూర్తిగా తలకిందులు. ముందు గ్లాసును తెల్లగుడ్డ మీదికి వంచి రంగు చూడాలి. తర్వాత గ్లాసును గుండ్రంగా తిప్పి వాసన లేపాలి. ముక్కు గ్లాసులో పెట్టి పీల్చాలి. కాస్త నోట్లో పోసుకుని నాలుక మీద నాలుగు వైపులా తిప్పాలి. ఆఖరికి పక్కనున్న గిన్నెలో ఉమ్మెయ్యాలి. మింగుతూ పోతే పదో సీసా దగ్గరికొచ్చేసరికి నాలుక మొద్దుబారి మార్కులు తారుమారవుతాయని వాళ్ల భయం.

ఈ శాస్త్రాన్ని విడవలూరులో అమలు చేద్దామంటే మొదటి మెట్టు దగ్గరే చిక్కు. చెరకు మడ్డి నుంచో నూకల నుంచో తీసిన స్పిరిట్టే కాస్త రంగూ కాస్త వాసనా మార్చుకుని ఒక సీసాలో విస్కీ అవుతుంది, పక్క సీసాలో బ్రాందీ అవుతుంది. రంగు చూసి ఏం తేల్చాలి? గ్లాసు గుండ్రంగా తిప్పమంటే ప్లాస్టిక్ గ్లాసు నలిగి సగం ఒలికిపోతుంది. వాసన చూడమంటే, ముక్కు మూసుకుని తాగడం నేర్చినవాడు ఆ చదువంతా మొదటినుంచీ మళ్లీ చదవాలి. ఇక ఉమ్మెయ్యమంటారా? సొంత డబ్బు పెట్టి కొన్నది ఉమ్మెయ్యమని చెప్పేవాడు ముందు స్టేషన్లో చెప్పి, ఇద్దరు కానిస్టేబుళ్లను వెంటబెట్టుకుని రావడం మంచిది.

అట్టాగని మా వాళ్లకు నాలుక లేదనుకునేరు. నెల్లూరు చేపల పులుసు పొయ్యి మీంచి దించగానే వడ్డిస్తే మొహం చిట్లించి, "ఇంకా ముక్కకు పట్టలేదు, రేపటికుంచు" అనేవాళ్లు మావాళ్లు. అన్నం మెతుకు చూసి బియ్యం కొత్తవో పాతవో చెబుతారు. పులుసులో పడిన మామిడి ముక్క ఏ చెట్టుదో చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, కాస్త కోతలు కోస్తారనుకోండి.

అన్నిటినీ మించింది రొయ్య సంగతి. గుంటలో మేత చల్లాక రైతు చెక్ ట్రేలో గుప్పెడు మేత వేసి నీళ్లలోకి దించుతాడు. కాసేపటికి తాడు పట్టి పైకి లాగి, టార్చిలైటు వేసి చూస్తాడు. మేత మిగిలిందా? తిన్న రొయ్య పేగు నిండుగా ఉందా, తెగతెగలుగా ఉందా? ఏ రంగులో ఉంది? ట్రేలో నాలుగు పలుకులు మిగిలాయంటే ఆ రాత్రి గట్టు మీద ఎవరికీ నిద్ర ఉండదు. టెక్నీషియన్‌కు ఫోను పోతుంది. తెల్లారేసరికి మేత కంపెనీ కుర్రాడు మోటారు సైకిలు మీద దిగుతాడు. "ఈ బ్యాచి మేత రొయ్యకు నచ్చలేదన్నా" అని రైతు చెబితే తల వంచుకుని రాసుకుంటాడు. ఏరియేటర్లు తిరుగుతున్నాయా, నీళ్లలో ప్రాణవాయువు సరిపోతుందా, ఉప్పు ఎంతుంది, అన్నీ చూస్తాడు. అక్కడి నుంచి సరుకు ఎగుమతికి పోతే అవతలి దేశం ల్యాబులో యాంటీబయాటిక్ జాడ కనబడినా కంటెయినరు వెనక్కొస్తుంది.

అంటే ఈ ప్రాంతంలో వారంవారం కాదు, పూటపూటా టేస్టింగ్ జరుగుతోంది. తినే రొయ్య అభిప్రాయం తీసుకుంటారు. రొయ్యను తినే అమెరికావాడి అభిప్రాయం తీసుకుంటారు. ఆ గుంట గట్టు మీద కాపలా కాసి, చలికి తట్టుకోలేక క్వార్టరు కొనుక్కునే మనిషికి చెక్ ట్రే లేదు.

సుంకాల దగ్గరా ఇదే తేడా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చితే కోస్తా అంతా గగ్గోలెత్తింది. ఎత్తాల్సిందే, రైతు నోటి దగ్గర కూడు అది. 2020 మే నెలలో లాక్‌డౌన్ మధ్య మద్యం దుకాణాలు తెరిచి, మన సర్కారే ధర మొదటి రోజు 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం పెంచింది. రెండు రోజుల్లో 75. మండుటెండలో గొడుగులు పట్టుకుని, సున్నం గీసిన గళ్లలో నిలబడి, ఒక్క నినాదం లేకుండా కొనుక్కుని పోయారు జనం. గాంధీగారు ఉండి ఉంటే ఆ క్రమశిక్షణకు ముచ్చటపడి, సరుకు చూసి తల పట్టుకునేవారు.

ఇంతకీ ఆ దీవి షాపాయన మన రాష్ట్రంలో ఉంటే ఏమయ్యేది? సీలున్న సీసా సీలు తియ్యకుండా అమ్మాలని నియమం. సీసా తెరిచి రెండు గుక్కలు పోస్తే అది లూజు అమ్మకం. కేసు. కాబట్టి చట్టప్రకారం మన దగ్గర టేస్టింగ్ జరగాలంటే చట్టం లేని చోటే జరగాలి, అంటే బెల్టు షాపులో. అక్కడ అర్ధరాత్రి తలుపు తట్టినా పోస్తారు, అప్పు పెడతారు, ఎమ్మార్పీ మీద అదనంగా వాళ్ల కష్టానికింత వేసుకుంటారు. "ఎట్టుంది" అని మాత్రం వాళ్లూ అడగరు. సర్కారు నుంచి నేర్చుకున్న అలవాట్లలో వాళ్లు తు.చ. తప్పకుండా పాటించేది అదొక్కటే.

చూపు కప్పి రుచి పరీక్షించే పద్ధతి ఒకటుంది. 1976 మే 24న పారిస్‌లో అలాంటి పోటీ పెట్టారు. సీసాల పేర్లు దాచి పోస్తే ఫ్రెంచి న్యాయనిర్ణేతలే అమెరికా వైన్‌కు పెద్ద పీట వేసి, తర్వాత నాలుక కరుచుకున్నారు. ఒక్క రోజు జరిగిన ఆ పోటీని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన రాష్ట్రంలో అదే పరీక్ష 2019 అక్టోబరు నుంచి అయిదేళ్లు జరిగింది. ప్రభుత్వమే దుకాణాలు పెట్టి, ప్రభుత్వమే అమ్మింది. వెళ్లి అడిగిన బ్రాండు ఉండేది కాదు, ఉన్న బ్రాండు పేరు ఎవరూ విని ఉండేవారు కాదు. ప్రెసిడెంట్ మెడల్ అనేవారు, బూమ్ బూమ్ అనేవారు. ఏది చేతికొస్తే అది, అదీ చానాళ్లు రొక్కం చెల్లిస్తేనే. పారిస్‌లో జడ్జీలకు మార్కుల కాగితం ఇచ్చారు. ఇక్కడ అదీ ఇవ్వలేదు. 2024 ఎన్నికల్లో బ్యాలెట్టు యూనిట్ మీద ఆ మార్కులు పడ్డాయని కొందరి వాదన. మందొక్కటే ఎన్నిక గెలిపిస్తుందనీ ఓడిస్తుందనీ నేననుకోను. కానీ ఆ ఎన్నికల సభల్లో మొదటిసారి "నాణ్యమైన మద్యం" అన్న హామీ విన్నప్పుడు, రుచి అనే మాటకు అంత దగ్గరగా ఒక నాయకుడు రావడం ఇదే మొదలని చిన్న ఆశ పుట్టిన మాట నిజం.

ఆశ తీరింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలు ప్రైవేటువాళ్లకు లాటరీ తీశారు. దరఖాస్తు ఒక్కింటికి 2 లక్షలు, దుకాణం వచ్చినా రాకపోయినా ఆ సొమ్ము తిరిగిరాదు. దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. ఖజానాకు సుమారు 1,800 కోట్లు. లోకంలో ఎక్కడైనా టేస్టింగ్ ఫీజు కడితే రెండు గుక్కలైనా పోస్తారు. చుక్క పొయ్యకుండా, సీసా చూపకుండా అంత వసూలు చేసిన ఘనత మాత్రం మనదే. ఆ తర్వాత 99 రూపాయల క్వార్టరు వచ్చింది. పర్మిట్ రూములూ తిరిగొచ్చాయి, ఆరుబయట తాగే మనిషికి గది యోగం పట్టింది.

ఏడాది తిరిగేసరికి, 2025 అక్టోబరులో, ములకలచెరువు దగ్గర నకిలీ మద్యం తయారీ బయటపడింది. ఈ కనికట్టుకు శాస్త్రమూ ఉంది. బోర్డో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బ్రోషే అనే ఆయన 2001లో తెల్ల వైన్‌కు ఎర్ర రంగు కలిపి వైన్ విద్యార్థులకు పోస్తే, 54 మందీ దాన్ని ఎర్ర వైన్ భాషలోనే వర్ణించారట. ఆయన రంగు కోసం ప్రయోగశాల వెతుక్కున్నాడు. మన వాళ్లకు లేబులు అచ్చు వేయించే ప్రెస్సు చాలు. దీనికి విరుగుడుగా సర్కారు ఎక్సైజ్ సురక్ష యాప్ పెట్టింది. మూత మీది గళ్ల ముద్రకు ఫోను చూపిస్తే సీసా అసలుదో నకిలీదో చెబుతుంది. మంచి పనే, కాదనను. నాలుక చెయ్యాల్సిన పని సెల్‌ఫోను చేస్తోంది. సరుకు సర్కారుదేనని ధ్రువీకరిస్తుంది. బాగుందా అని మాత్రం ఫోనూ అడగదు.

దీవి మాటొచ్చింది కాబట్టి యానాం గురించి ఒక ముక్క. చుట్టూ ఆంధ్ర, మధ్యలో 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి, ఇప్పుడు పుదుచ్చేరి. నీళ్ల లెక్కన కాకపోయినా పన్ను లెక్కన అది అచ్చమైన దీవి. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టాక గోదావరి జిల్లాల్లో చాలామందికి యానాం బంధువుల మీద ప్రేమ పొంగుకొచ్చింది. 1997లో నిషేధం సడలించగానే ఆ ప్రేమ తగ్గింది. ఫ్రెంచివాళ్లు అన్నేళ్లుండి కూడా గ్లాసు తిప్పడం మాత్రం అక్కడ ఎవరికీ నేర్పినట్టు లేదు.

ఉమ్మెయ్యడం మన సంప్రదాయం కాదని పైన అన్నాను. నెల్లూరు జిల్లాలో ఉండి ఆ మాట అలా వదిలెయ్యడం తప్పు. కలిగిరి మండలం దూబగుంటలో, వారుణి వాహిని పేరుతో సర్కారే సారాయిని ఊళ్లకు పారించిన రోజుల తర్వాత, 1991, 92లో ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ లెక్క వేసుకున్నారు. మొగుడి కూలి ఎంత, ప్యాకెట్టు ఎంత, ఇంటికొచ్చేది ఎంత. ఆ లెక్క తేలాక చీపుళ్లూ కారప్పొడీ పట్టుకుని సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అక్కడి నుంచే రాష్ట్రానికి తెలిసింది. ఊరూరా ప్యాకెట్లు చించి నేలపాలు చేశారు, వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. నోట్లో పోసుకోకుండానే ఉమ్మేసిన ఆ టేస్టింగ్‌కు సాటి రాగల మేళా నాకు తెలిసి ఏ ద్రాక్ష దేశంలోనూ జరగలేదు.

కాబట్టి విడవలూరులో శనివారం శనివారం టేస్టింగ్ పెట్టాలనుకునే లైసెన్సుదారు ఎవరైనా ఉంటే నాదొక సలహా. జడ్జీలను బోర్డో నుంచి పిలిపించనక్కర్లేదు. ప్రతి గడపలోనూ ఒకామె ఉంది. మనిషి వీధి మలుపు తిరిగేసరికే నడక చూసి కొలత చెబుతుంది. గుమ్మం దాటేసరికి వాసన చూసి రకం చెబుతుంది. "ఈయాళ రోజూదీ కాదే, ఎవురు పోయించినారు?" అని అడిగిందంటే బ్రాండు మార్పుతో పాటు పెట్టుబడి ఎవరిదో కూడా తేల్చేసినట్టే. పేర్లు దాచినా, రంగు మార్చినా ఆ ముక్కును మోసం చెయ్యడం బ్రోషే తరం కాదు.

ఈ పథకమంతా రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోయే ఒకామెకు, సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే, పూసగుచ్చినట్టు వివరించాను. రంగు చూడటం, గ్లాసు తిప్పడం, వాసన, నాలుక, ఆఖరున గిన్నెలో ఉమ్మెయ్యడం. ఆమె చేతుల్లో రొయ్య కౌంటు తప్పిన రోజు లేదు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, శ్రద్ధగా అంతా విన్నది.

"బాగానే ఉండాది అబ్బయా," అన్నది. "ఆ ఉమ్మిన గిన్నె ఎవురు కడగాల?"