వానా పులీ ఒకేసారి కావాలంట

ఎవరు మొదలుపెట్టారో గాని, కొన్నాళ్లుగా నా ఫోన్లోకి వానలో తడుస్తున్న పులి తప్ప ఇంకోటి రావడం లేదు. తాడోబాదో కన్హాదో, ఒంటి మీద నీళ్లు కారుతూ, మీసాల చివర చుక్కలతో, దారి మధ్యన నిలబడి మన వంకే చూస్తుంటుంది. పంపినవాళ్లందరిదీ ఒకటే మాట: "నల్లమల పక్కనే ఉంటివి, స్టూడియో పెట్టుకుంటివి, నువ్వొకటి తీయలేకపోయావా?" హైదరాబాదులో ఉన్న మా అన్న కొడుకైతే పొద్దున్నే పళ్లు తోముకోకముందే అడుగుతాడు, "చిన్నాయనా, మనదెప్పుడు?" అని. మనదంట! మార్కాపురం బస్టాండులో పులి టీ తాగుతూ, వాన మొదలైతే నన్ను పిలుద్దామని కాచుకున్నట్టు.

ముందు వాన సంగతి. మా ఊళ్లో వాన ఎదురుచూడ్డానికే గాని చూడ్డానికి కాదు. నైరుతి మబ్బులు నల్లమల కొండల మీద ఉన్నదంతా దింపేసి, మా దగ్గరికొచ్చేసరికి చేతులు ఊపుకుంటూ పోతాయి. మాకు నీళ్లు తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ ఏడు నేను పెళ్లి ఫోటోలు తీసినవాళ్ల పిల్లలకు కూడా పెళ్లిళ్లయ్యాయి, ఆ ఫోటోలూ నేనే తీశాను. లెన్సులకు ఫంగస్ పడుతుందని కోస్తా ఫోటోగ్రాఫర్లు బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచుకుంటారు. మా లెన్సులకు ఆ భయం లేదు. ఫంగసుకైనా తాగడానికి నీళ్లుండాలి గదా.

ఇక పులి. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దదని అందరం గొప్పగా చెప్పుకుంటాం. 1983లోనే ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. అంత అడవి ఉన్నా, 2022 లెక్కల్లో రాష్ట్రం మొత్తానికి తేలిన పులులు 63. పోనీ అవైనా జీపుల ముందు వయ్యారంగా నడిచే రకమా అంటే, కాదు. మనిషి అలికిడి వినపడితే చాలు, ఇటు రావాల్సింది అటు పోతాయి.

పైగా జులై ఒకటి నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా అడవిలోకి సందర్శకులను రానివ్వరు. దారులు బురదవుతాయి, జంతువుల మానాన వాటిని వదిలేయాలి అంటారు. న్యాయమే. అక్టోబరులో తెరుస్తారు. అప్పుడు మాకు పడితే గిడితే తుఫాను వాన పడుతుంది. తీగలేరు పొంగుతుంది, దోర్నాల దారి ఆగుతుంది, తుమ్మలబైలు సఫారీ జీపూ ఆగుతుంది. ఆకాశం తేటపడ్డాక జీపు కదులుతుంది. అప్పుడు చూస్తే ఎండ ఫెళ్లుమని కాస్తుంటుంది. రాత్రిపూట కారులో పోతూ చూద్దామా అంటే, తొమ్మిదింటికి చెక్‌పోస్టు గేటు దించేస్తారు.

సరే, మల్లన్న దయవల్ల అన్నీ కుదిరాయనుకుందాం. చెట్ల కింద మబ్బు చీకటి. ఐఎస్ఓ 6400కి లేపితే ఫోటో నిండా గ్రెయిన్సే. చినుకు గాల్లో నిలబడినట్టు కనపడాలంటే షట్టరు ఐదొందల పైన ఉండాలి, దారాల్లా సాగాలంటే అరవైకి దించాలి. అరవైకి దించితే చినుకుతో పాటు పులి కూడా సాగుతుంది. ఆటోఫోకస్‌కు పులి మీద బొత్తిగా గౌరవం లేదు, ముందు రాలే చినుకును పట్టుకుని ఊగుతుంటుంది. కెమెరా తడవకుండా చీరల కొట్టు కవరుకు బెజ్జం పెట్టి, లెన్సు దూర్చి, రబ్బరు బ్యాండు వేస్తే, నా ఊపిరికే వెనక అద్దానికి ఆవిరి పడుతుంది. తుడుచుకుని మళ్లీ కన్ను పెట్టేలోపు పక్క సీటాయన గొడుగు విప్పుతాడు.

ఇంత తిప్పలు మనిషికెందుకని 1920ల్లోనే ఛాంపియన్ అనే అటవీ అధికారికి తోచింది. రాత్రిపూట పులి తిరిగే బాటకు అడ్డంగా తీగ కట్టాడు. పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగేది, తన ఫోటో తానే తీసుకునేది. 1927లో ఆ ఫోటోలతో పుస్తకమే వేశాడు. 2020లో ప్రపంచంలోకెల్లా గొప్ప వన్యప్రాణి ఫోటోగా బహుమతి కొట్టిన సైబీరియా పులి బొమ్మ కూడా చెట్ల మధ్య వదిలేసిన కెమెరా తీసిందే. దానికోసం గోర్ష్‌కోవ్ అనే రష్యా ఆయన పదకొండు నెలలకు పైగా ఆగాడు.

మన దేశంలోనూ పులుల లెక్కకు ఈ కెమెరాలే. 2018 లెక్కలో ఇవి తీసిన ఫోటోలు 3,48,58,623. అందులో పులులవి 76,651, చిరుతలవి 51,777. కాలిక్యులేటరు తీశాను. దాదాపు 455 ఫోటోలకు ఒక పులి! అప్పటినుంచి నా బుర్రంతా మిగతా మూడున్నర కోట్ల మీదే ఉంది. ఏముంటుంది వాటిలో? ఒంటి వేడి కదిలితే క్లిక్కుమనే యంత్రం అది. జింక, అడవిపంది, నెమలి, ముళ్లపంది వెనక భాగం, దారి తప్పిన ఆవు. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగినా క్లిక్కే. ఈ సర్వేకు గిన్నిస్ రికార్డు ఇచ్చారు, గడ్డి వాటా గడ్డికి ఇచ్చారో లేదో మరి. ఒక పెళ్లిలో నాలుగు వేల ఫోటోలు తీసి రెండొందలు ఏరడానికే నాకు కళ్లు కాయలు కాస్తాయి. ఇప్పుడంటే సాఫ్ట్‌వేర్ వేరు చేస్తుందట, కానీ ఆ అడవి కెమెరా కాపురం ఎంత సుఖం! పులికి ఎడమవైపు చారలు వేరు, కుడివైపు చారలు వేరు కాబట్టి బాటకు రెండు పక్కలా ఎదురెదురుగా కెమెరాలు కడతారు. మా పెళ్లికూతుళ్లు "అన్నా, ఎడమవైపు తీయొద్దు, లావు కనపడతాను" అంటారు. పులి ఏనాడూ అనలేదు. పులికి మేనత్త లేదు, "ఆల్బమ్‌లో నేనెక్కడ?" అని తగువు పెట్టుకోడానికి. పులి తరఫువాళ్లెవరూ అడ్వాన్సు తిరిగి అడగరు.

ఆ మూడున్నర కోట్లలో మనుషులు కూడా ఉంటారు. మొన్న సన్నగా తుంపర పడుతుంటే, అడవిలో బేస్ క్యాంపులో పనిచేసే చెంచు వాచరు ఒకాయన పాస్‌పోర్టు సైజు ఫోటోకు వచ్చాడు. తల తుడుచుకోమని తువ్వాలిచ్చి, ఊరుకోలేక అడిగాను, వానలో పులిని చూశావా అని.

"చూడకేం సార్. తుప్పలన్నీ తడిసుంటాయి గదా, అది బాటెంబడే వస్తది. మనమే తప్పుకోవాల."

"ఫోటో తీసుకోలేదా?"

"మాకెందుకు సార్?"

చెట్లకు ఆ కెమెరాలు కట్టేది ఆయనే, కార్డులు మార్చేది ఆయనే, పనిచేస్తున్నాయా లేదా అని ముందు అటూ ఇటూ నడిచి చూసేదీ ఆయనే. ఆ లెక్కన ఈయన ఫోటోలు ఏ సినిమా హీరోవీ లేనన్ని ఎక్కడో పడి ఉండాలి, పులి లేని ఫోటోల ఖాతాలో. చేతిలో మాత్రం ఆధార్ కార్డు జిరాక్సు ఉంది. అందులో మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. ఇంట్లో ఇంకో ఫోటో లేదన్నాడు. నిలువెత్తుది ఒకటి ఊరికే తీసిస్తాను, నిలబడమన్నాను. దోర్నాల బస్సు పోతుందన్నాడు.

పాస్‌పోర్టు సైజువి ఎనిమిది కాపీలు వస్తాయి. కత్తెర అడిగి రెండు కోసుకుని, మిగతా ఆరు నా బల్ల మీదే పెట్టాడు. ఫారానికి రెండే అడిగారంట.