చలికాలపు గాలం: టీకా తాత్పర్యం

మూలం: ఎర్ర గుచ్చు, గాలమెయ్యి, బెండు జూడు, సప్పుడు జెయ్యకు.

అవతారిక: ఒకప్పటి వరంగల్ జిల్లాలోనిది, ఇప్పుడు ములుగు జిల్లాకు చేరినది పాలంపేట. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడ కట్టించిన రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గుడి మీద గ్రంథాలకు గ్రంథాలే ఉన్నాయి. దగ్గరలోనే ఉన్న కాకతీయుల నాటి చెరువు కట్ట మీద గాలం పట్టేవాడికి మాత్రం పై నాలుగు ముక్కలే శాస్త్రం.

ప్రతిపదార్థం: ఎర్ర = వానపామును; గుచ్చు = గాలపు ముల్లుకు ఎక్కించు; గాలము = తంగూసుకు కట్టిన కొక్కెమును; ఎయ్యి = నీటిలోకి విసురు; బెండు = తేలెడు దానిని; జూడు = రెప్ప వేయక కనిపెట్టు; సప్పుడు జెయ్యకు = సుగమం.

తాత్పర్యం: చేప కావాలి.

వ్యాఖ్య: మొదటి పదం దగ్గరే పాఠభేదం. కొందరు ‘ఎర గుచ్చు’ అంటారు. ఆ పాఠంలో పిండిముద్ద, జొన్నరొట్టె ముక్క, మిడత, కోడిపేగు అన్నీ ఇముడుతాయి. ‘ఎర్ర’ అంటే వానపాము ఒక్కటే. చలికాలానికి ఈ ‘ఎర్ర’ పాఠమే గ్రాహ్యం. అయితే ఆ రోజుల్లో నేల పైపొర ఆరి, ఎర్రలు లోతుకు దిగుతాయి. పెంటకుప్ప అంచునో, బోరింగు నీళ్లు పారే కాలువ పక్కనో తవ్వితే గాని దొరకవు.

‘ఎర్రను’ అనక ‘ఎర్ర’ అన్నాడేమి? జడవాచకమైతే ద్వితీయకు బదులు ప్రథమ చెల్లుతుంది. ఎర్ర ప్రాణి కదా, అని పూర్వపక్షం. గుచ్చాక జడమే అవుతుందని వైయాకరణుల సమాధానం. అది వ్యాకరణానికి సరిపోయినా చేపకు సరిపోదు. ఎర్రను పొడుగునా ఎక్కించి, తోక కొస వదిలెయ్యాలి; ఆ కొస కదిలితేనే చేప చూపు పడుతుంది.

‘గాలమెయ్యి’ అన్నాడే గాని ఎప్పుడో చెప్పలేదు. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి నడుస్తుంది. చలికి నీరు చల్లబడితే ఒంట్లో అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. ఇక్కడ చేప అంటే ముఖ్యంగా జిలేబి. తినే జిలేబి కాదు; అంటే, ఇదీ తినేదే. ఆఫ్రికా జాతి తిలాపియా 1952లో భారతదేశానికి వచ్చి, మన నోళ్లలో జిలేబి అయి కూర్చుంది. దానిది వేడి దేశపు ఒళ్లు; నీరు 20 డిగ్రీలకు దిగువైతే మేత బాగా తగ్గిస్తుంది. కాబట్టి మంచులో లేచి కట్టకెక్కినవాడికి దక్కేది చలే. పొద్దెక్కి, ఒడ్డున లోతు తక్కువ నీళ్లు కాస్త వెచ్చబడ్డాక వేసినదే గాలం.

ఈ విద్యకు రాజాస్థానపు ప్రమాణమూ ఉంది. కాకతీయులకు ఒకప్పుడు ఏలికలైన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం రచించాడు. అందులో గాలపు వేట రాజులకు తగిన వినోదం. చేపల రకాలు, వాటికి పెట్టే మేతలు వివరంగా ఉన్నాయి. పెంటకుప్ప తవ్వేవాడు దీన్ని చదవకపోయినా లోటేమీ లేదు.

‘బెండు’ దగ్గర స్థల మహిమ చెప్పాలి. పాలంపేటలో తేలేవి రెండు. రామప్ప గుడి విమానానికి వాడిన ఇటుక గుల్లబారినది కావడం వల్ల నీటిపై తేలుతుంది. జీలుగు బెండు పుట్టుకతోనే తేలుతుంది. ఇటుక తేలితే విశేషం, బెండు మునిగితే విశేషం. మునగడంలోనూ భేదాలున్నాయి. చిన్న పరకలు ఎర్ర కొసను కొరికితే బెండు గజగజలాడుతుంది; అప్పుడు లాగితే ఒట్టి ముల్లే వస్తుంది. జిలేబి చలిలో మెల్లగా నోట పెట్టుకుంటుంది, బెండు పక్కకు జరుగుతూ వాలుతుంది. ఆ వాలు మీద లాగాలి.

‘సప్పుడు జెయ్యకు’ అన్నది మాటలకే వర్తిస్తుందని కొందరు. అది చాలదు. కట్ట మీద అడుగు అదురు నేల గుండా నీటికి చేరుతుంది, చేప దాన్ని ఒంటి పక్కల అదురును పట్టే గీతతో పసిగడుతుంది. అందువల్ల నిషేధం నోటికన్నా కాళ్లకే ముఖ్యం.

ఇంటివాళ్ల పాఠంలో చివర ‘కడిగి తే’ అని మరో ముక్క ఉంది. కట్ట మీది వ్యాఖ్యాతలంతా దాన్ని ప్రక్షిప్తమనే అంటారు.