నేను నీలం కాదు

నందిగామలో మా ఇంట్లో నా రంగు మీద రెండు పార్టీలు. రాత్రి వంటింట్లో ట్యూబులైటు కింద నన్ను కడిగి బోర్లించే అత్తగారిది నీలం పార్టీ. పొద్దున్నే వరండాలో పేపరు చదివే మామగారిది వంకాయ పువ్వు పార్టీ. ఇద్దరూ చూసింది చూసినట్టే చెబుతారు. తంటా అంతా అక్కడే.

నేను కాడ ఉన్న గాజు గ్లాసుని. పుట్టింది అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో. ఊరి పేరే కంపెనీకీ పెట్టుకున్నారు. 1902లో రాజుకున్న ఆ కొలిమి 1954లో ఒకసారి ఆరి, మళ్లీ వెలిగి, 1958లో పూర్తిగా చల్లారింది. 1931లో తెచ్చిన నా రంగుకు వాళ్లు పెట్టిన పేరు హీథర్‌బ్లూమ్. గాజులో నియోడిమియం కలిస్తే వచ్చే రంగిది. కార్ల్స్‌బాద్‌లో లియో మోజర్ 1920లలోనే ఈ దినుసుతో గాజు చేయించాడు. వెలుగులోని పసుపును అది మింగేస్తుంది. ఎండలో ఎరుపూ నీలమూ రెండూ మిగులుతాయి కనుక లేత డిసెంబరం పూల రంగులో ఉంటాను. ట్యూబులైటులో ఎరుపు తక్కువ. ఆ పసుపు కాస్తా పోతే మిగిలేది నీలమే.

ఒంటి మీది లతలు ఉలితో చెక్కినవి కావు, ఆసిడ్ తిన్నవి. ఉక్కు పలక మీది నమూనాను మైనంతో పల్చటి కాగితం మీదికి దింపి, దాన్ని గాజుకు అంటించి కాగితం ఊడదీసేవారు. లత రావాల్సిన చోటు వదిలి మిగతా ఒళ్లంతా మైనం పూసి హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌లో ముంచేవారు. గాజునే తినే ఆసిడ్ అది, గాజు సీసాలో నిలవుండదు. వేడినీళ్లతో మైనం వదిలించాక తిన్న చోటు మసకగా, వేలికి గరుకుగా తేలుతుంది. ఆ మసకలో రంగు తెల్లబడి కనిపిస్తుంది కాబట్టి పువ్వు మీద చూసి నా రంగు చెప్పేవాళ్లను నేను లెక్కచేయను.

కొలంబస్‌లో ఉండే పెద్దమ్మాయి పాత సామాన్ల కొట్లో నన్ను కొని, చీరల మడతల్లో పెట్టి తెచ్చింది. పేచీ తీర్చింది మాత్రం జగ్గయ్యపేట నుంచి మలారంతో వచ్చే గాజులాయన.

"అమ్మగారూ, ఇది ఇంట్లో చూసే సరుకు కాదు, డాబా మీదికి పదండి" అన్నాడు.

డాబా నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి పక్కన పెట్టగానే ఆ ఎరుపు నాలోకి దిగి గులాబీ తేలాను. ఆయన నవ్వి, దూరంగా తెల్ల పంచె పరిపించి, దాని మీద పెట్టాడు. పై గిన్నె పల్చన, అక్కడ రంగు సరిగా నిలవదు. అడుగు అంచు దగ్గర గాజు మందం, అక్కడ రంగు చిక్కబడుతుంది. ఆయన వంగి చూసింది అక్కడే.

"ఇదిగో, వంకాయ పువ్వు. ఇప్పుడు లోపలికి తీసుకుపోయి చూడండి, నీలం. రెండూ దీనివే."

షోకేసులో ఊదా తిరిగిన పాత సిరాబుడ్డిని చూపించి "ఇదీ అంతేనా బాబాయ్?" అంది అత్తగారు. కాదు. ఆ బుడ్డి పుట్టినప్పుడు తెల్లదే. ఇనుము వల్ల వచ్చే పచ్చదనం కనపడకుండా ఒకప్పుడు గాజులో మాంగనీసు కలిపేవారు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే అది ఊదాకు తిరుగుతుంది, దీపం మార్చినా నాలాగా నీలం కాదు. దాని పక్కనున్న ఎర్ర గిన్నెది ఇంకో కథ. పువ్వు కోసం ఆసిడ్ తిన్న చోట తెల్లగాజు బయటపడింది. అంటే ఎరుపు పైపొరే. నాకు ఎంత లోతు తిన్నా రంగే.

ఈ మధ్య హాల్లో ఎల్‌ఈడీ బల్బులు పెట్టించారు. ఒక్కో బల్బు కింద ఒక్కోలా ఉంటున్నాను. మొన్న చిన్నల్లుడు సోఫాలో కూర్చుని "ఇది బూడిద రంగా అత్తయ్యా?" అని అడిగాడు.

"ఉండు నాయనా, మజ్జిగ పోసుకొస్తా. అప్పుడు ఎక్కడ చూసినా తెలుపే" అంది అత్తగారు.