ముందు చెవి, తరవాత పేరు

మా ఊరి చెరువుగట్టు అవతల టూరింగ్ టాకీస్ ఉండేది. మొదటి ఆటకు ముందు మైకులో రికార్డులు వేసేవాళ్ళు. పొలాల నుంచి ఇళ్ళకు మళ్ళే జనం గట్టు మీద నిలబడి, పాట అయ్యేదాకా విని కదిలేవాళ్ళు. ఏ సినిమాలోదో, ఎవరు కట్టిన బాణీయో తెలిసేది కాదు. నచ్చితే ఆగేవాళ్ళు, నచ్చకపోతే సాగిపోయేవాళ్ళు. సంగీతం ఎవరిదో తెలియాలంటే హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం కొనుక్కోవాలి. అది చేతికి వచ్చేసరికి పాట సగం నోటికి వచ్చేసి ఉండేది.

ఇప్పుడు వరస తిరగబడింది. షూటింగ్ మొదలు కాకుండానే ఫలానా ఆయన సంగీతం అంటూ పోస్టరు వేస్తారు. పాట కంటే ముందు దాని ముక్క వస్తుంది, ఆ ముక్క వస్తోందని అంతకు ముందు రోజే ప్రకటన. ఆయన అభిమానులకు వినకముందే పాట అద్భుతం. పేరు లేని కుర్రవాడిదైతే పల్లవి పూర్తి కాకుండానే వేలితో పక్కకు తోసేస్తారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. చరణం దాకా ఓపిక పట్టనివాడికి బాణీ ఎక్కడ ఎత్తుకుందో, మళ్ళీ పల్లవిలోకి ఎలా దిగిందో ఏం తెలుస్తుంది?

పేరు చెవిని ఎంతగా లొంగదీస్తుందో నాకు తెలుసు. 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. సంగీతం ఘంటసాల అని తెర మీద పడింది. ‘లాహిరి లాహిరి’ విన్నప్పుడల్లా ఆ మోహన రాగంలో ఘంటసాల నిండుదనం వినిపించేది నాకు. రాజేశ్వరరావు పక్షాన మాట్లాడే స్నేహితుడితో ఆ పాట చూపించే ఏళ్ళ తరబడి వాదించాను. ఆ సినిమాకు మొదట కుదిరింది సాలూరి రాజేశ్వరరావేనని, ఆయన నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారని, వాటిలో ఇదొకటని చాలా కాలానికి తెలిసింది. ఆ బాణీలకు వాద్యాలు కూర్చి, రికార్డు చేసి, మిగతా సంగీతమంతా సమకూర్చింది ఘంటసాల. అది తెలిసిన రాత్రి మళ్ళీ వేసుకుని విన్నాను. ఈసారి నాకు వినిపించింది ‘మల్లీశ్వరి’ నాటి రాజేశ్వరరావు లాలిత్యం! అదే రికార్డు, అవే గొంతులు, ఘంటసాలా లీలా. మారిందల్లా నేను తలలో పెట్టుకున్న పేరు.

అందుకే ఇంత పట్టుదలగా చెబుతున్నాను. సంగీతం తెలుసనుకున్న నావంటివాడి చెవినే పేరు అంతలా మళ్ళించగలిగితే, పాటకు ముందే పేరు వినిపించే ఈ రోజుల్లో పిల్లల చెవులు ఏమైపోవాలి? మా రోజుల్లోనూ పక్షపాతాలు ఉండేవి, కాదనను. ఒకరికి పెండ్యాల, ఒకరికి మహదేవన్. కానీ ఆ అభిమానం వినగా వినగా పుట్టేది.

పేరు లేకపోతే పాట నిలవదా? 1992లో ‘రోజా’ పాటలు క్యాసెట్టులో మోగినప్పుడు రెహమాన్ ఎవరో మాలో ఎవరికీ తెలియదు. మా కీరవాణి సంగతే చూడండి. తమిళంలో ఆయన మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. ‘అళగన్’ పాటలు పాడుకున్న తమిళులూ, ‘జఖ్మ్’ పాటలకు కళ్ళు చెమర్చిన హిందీవాళ్ళూ ఆయన ఇక్కడ ఎంతటివాడో చూసి మెచ్చుకోలేదు. 2023లో ఆస్కార్ వచ్చాక మాత్రం మనవాళ్ళే కొందరు ఆయన పాత పాటల్లో కొత్తగా గొప్పతనం కనిపెట్టారు. ‘అన్నమయ్య’ 1997 నుంచీ ఇక్కడే ఉంది కదా, అప్పుడు ఏం వింటున్నారు?

మొన్న మా మనవడికి ఒక పాట వినిపించాను. ఫోను బోర్లించి పెట్టాను, బొమ్మా పేరూ కనబడకుండా. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. రెండో చరణం దగ్గర వాడి వేళ్ళు మంచం పట్టె మీద తాళం వేశాయి, చూశాను. “ఎలా ఉందిరా?” అన్నాను. “ఎవరిది తాతయ్యా?” అన్నాడు.

ఇంకా చెప్పలేదు. ఎలా ఉందో ముందు వాణ్ణే చెప్పమన్నాను.