కట్టె సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

"పచ్చిదైతే పొగ, పుచ్చిదైతే బుగ్గి, ఎండిన గట్టి కట్టె ఏరుకరా బిడ్డా!"

అవతారిక

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ గట్టు మీద చలికాలం పొద్దుగూకిందంటే పొయ్యి ముందు చోటుకు పోటీ మొదలవుతుంది. ఆ వేళ ఇంటి పెద్దావిడ నోట వెలువడే వాక్యమిది. కర్త్రి పేరు తెలియదు. తాళపత్ర ప్రతులు లేవు. వంటింటి ప్రతి ఒక్కటే దొరుకుతోంది, అదీ మసిబట్టి ఉంది. రచనాకాలం గురించి పండితులు తగువులాడుకోనక్కర్లేదు, రేపు పొద్దున కూడా ఎవరో ఒకరు దీన్ని మళ్లీ కొత్తగా రచిస్తారు. గణాలు కుదరలేదేమని అడిగేవారికి ఒకటే జవాబు: అప్పుడావిడకు ఎసరు తొందర.

ప్రతిపదార్థం

పచ్చిదైతే = అప్పుడే నరికినదైతే. అటువంటి కట్టె బరువులో ఇంచుమించు సగం నీరే. పొయ్యిలో పెట్టగానే మంట ముందు ఆ నీళ్లను కాచాలి, తరవాతే కుండలో నీళ్ల సంగతి. కిలో పచ్చి కట్టె ఇచ్చే వేడి, బాగా ఎండిన కిలో కట్టె ఇచ్చేదానిలో సుమారు సగం. మోసుకొచ్చిన మెడకు మాత్రం రెండూ కిలోయే.

పొగ = మండకుండా తప్పించుకున్న కట్టె. కట్టె వేడెక్కినప్పుడు అందులోంచి ఆవిర్లు లేస్తాయి. పొయ్యి కణకణలాడుతుంటే అవే మంటవుతాయి, చల్లగా ఉంటే పొగై పైకి పోతాయి. కుండ కింద మండాల్సినది కళ్లలో మండుతుందన్నమాట.

పుచ్చిదైతే = చెదలో పురుగులో తిన్నదైతే. తిన్న చోట చెదలు మన్ను నింపి పోతాయి. మన్ను కాలదు. పుచ్చు కట్టె తేలిక కాబట్టి బద్ధకస్తులు ముందుగా దాని మీదే చెయ్యి వేస్తారు. కర్త్రి వాళ్లనే ఇక్కడ ఎత్తిపొడిచిందని ఒక వ్యాఖ్య.

బుగ్గి = బూడిద. చెక్కలో కన్నా బెరడులో ఇది ఎక్కువ. గిన్నెలు తోమడానికి కొంత బుగ్గి కావలసిందే కాబట్టి ఈ నింద పాక్షికమని గ్రహించాలి.

ఎండిన = తేమ అయిదో వంతుకు దిగినది. ఆ సంగతి ఎలా తెలుస్తుందంటే: రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాలి. ఎండినవి ఖంగున మోగుతాయి, పచ్చివి దబ్బుమంటాయి. కోసిన మొనల మీద సన్నని పగుళ్లు చక్రం ఆకుల్లా నడిమి నుంచి అంచుకు పారి ఉండాలి. గోటితో గీకితే బెరడు ఊడి రావాలి. ఈ మూడు పరీక్షల్లో నెగ్గినా, చేతిలోకి తీసుకుంటే ఉండాల్సినదాని కన్నా బరువనిపిస్తే మళ్లీ ఎండలో పడేయడమే.

ఇక్కడ ఒక దేశాంతర ప్రమాణం ఉదహరించాలి. ఆస్ట్రియా, జర్మనీ, ఇటలీ దేశాల్లో చాలా ఇళ్లను వెచ్చబరిచేది కట్టె గుళికల స్టవ్. రంపపు పొట్టును బాగా ఆరబెట్టి, యంత్రంలో నొక్కి, 6 లేదా 8 మిల్లీమీటర్ల మందాన గుళికలు తీస్తారు. వేరే బంక అక్కర్లేదు. ఒత్తిడికి, వేడికి కట్టెలోని లిగ్నినే మెత్తబడి అతుక్కుంటుంది. అక్కడ ఏ1 రకమని సంచి మీద వేయాలంటే తేమ నూటికి 10 పాళ్లు దాటకూడదు, బూడిద 0.7 పాళ్లు మించకూడదు. అంటే పచ్చిదీ వద్దు, పుచ్చిదీ వద్దు అనే. మూలంలోని మొదటి రెండు చరణాలకు యూరప్ వాళ్లు దశాంశాలు తగిలించి సంచికి అంటించారు.

అమ్రాబాద్‌కు ఆస్ట్రియాతో చుట్టరికం పాతదే. వియన్నాలో పుట్టిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ గట్టు మీది చెంచుల మధ్య మకాం పెట్టి చూసిందంతా రాసుకున్నాడు; 1943లో అది పుస్తకమైంది. వాళ్ల దేశం ఇప్పుడు గుళికల్లో ఏరుతున్న గుణాన్ని చెంచులు అప్పటికే కొమ్మల్లో ఏరుతున్నారు.

గట్టి = చేవ ఉన్నది. కిలోకు కిలో తూస్తే ఎండిన కట్టెలన్నీ దాదాపు ఒకే వేడి ఇస్తాయి. తేడా అంతా మోపులోనే. నల్లమలలో తిరుమాను, చండ్ర, నల్లమద్ది బరువైన జాతులు. బూరుగ వాటిలో సగం కూడా తూగదు, భగ్గున లేచి అన్నం ఉడక్కముందే చల్లారుతుంది. తిరుమాను మొద్దు ఒకటి నెగడులో వేస్తే నిప్పు చాలాసేపు నిలుస్తుంది. ఆ చెట్టు బంక కూడా ఇస్తుంది కాబట్టి తెలిసినవాళ్లు దాని జోలికి ఊరికే పోరు. తునికి కూడా గట్టిదే గానీ చిటపటమని రవ్వలు ఎగజిమ్ముతుంది. గడ్డి కప్పున్న గుడిసెలో అది అతిథిగా పనికిరాదు. నల్లజీడి రసం ఒంటి మీద పడితే పొక్కులు లేస్తాయి, అందువల్ల మోపులోకే రానివ్వకూడదు.

ఏరుకరా = నరక్కు, రాలినది తీసుకురా. ఈ ఒక్క క్రియాపదం మీద ఒక చట్టమంతా నిలబడి ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. పచ్చని చెట్టు మీద గొడ్డలి పడితే కేసే. అయితే 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో చెబుతూ వెదురు, తేనె, తునికాకు సరసన చితుకులనూ మోళ్లనూ కూడా చేర్చింది. అడవిలో బతికేవాళ్లు వాటిని సేకరించుకోవచ్చు. శాసనకర్తలు ఈ మూలం చదివే రాశారా అంటే చెప్పలేం గానీ, చదివినట్టే ఉంది. చట్టం ఎలా ఉన్నా పులి తన చట్టం తనదంటుంది. కాబట్టి కట్టెలకు పొద్దెక్కాకే, జట్టుగా వెళ్లాలని టీకాకారుడి అనుబంధం.

బిడ్డా = సంబోధన. ఇంట్లో అందరికీ వర్తిస్తుంది. కదిలేది మాత్రం ఎక్కువగా ఆడపిల్లలే. మగవాళ్లకు ఈ పదం వినపడకపోవడం చాలా ఇళ్లలో స్థిరపడిన పాఠం.

పాఠాంతరం

గట్టు దిగి అచ్చంపేట వైపు వస్తే "ఎండిన గట్టి కట్టె" అన్నచోట "పత్తికట్టె" అని వినిపిస్తుంది. పాలమూరు చేలల్లో పత్తి తీసేశాక మిగిలే కట్టె అది. ఊరికే దొరుకుతుంది, గబగబా మండుతుంది, పక్కన కూర్చుని ఎగదోస్తూనే ఉండాలి. ఏడాదికి సరిపడా ఇంటి వెనక కుప్ప వేద్దామంటే గులాబీ రంగు పురుగు అందులో దాక్కుని వచ్చే పంట మీదికి దిగుతుంది. అందుకే వ్యవసాయ శాఖ మోళ్లను చేలో గానీ గట్టున గానీ ఉంచొద్దంటుంది. పొయ్యికి మేలైనది చేనుకు కీడవడం ఈ పాఠంలోని దోషం.

పూర్వపక్షం

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల, 2024లో 500 రూపాయల సిలిండర్ వచ్చాక ఈ సూత్రానికి ఇంకా వ్యాఖ్యానమెందుకని ఆక్షేపణ. 14.2 కిలోల సిలిండర్ చేసే వంటను మూడు రాళ్ల పొయ్యి మీద చేయాలంటే లెక్కకు దాదాపు రెండు క్వింటాళ్ల కట్టె కావాలి. ఆక్షేపణ బలమైనదే.

సమాధానం

బలమైనదే గానీ సగమే. చాయ్‌కి గ్యాసు, స్నానాల నీళ్లకు కట్టె అన్నది ఇక్కడి చాలా ఇళ్ల వాడుక. అప్పాపూర్ లాంటి లోపలి చెంచు గూడేలకు (పెంటలకు) సిలిండర్ బండి తలుపు దాకా రాదు. పైగా గ్యాసు పొయ్యి చుట్టూ పదిమంది చేరి చలి కాచుకోవడం ఎక్కడా కనపడదు.

తాత్పర్యం

నీళ్లను, మన్నును నెత్తిన మోసుకురావద్దని.

విశేషాంశం

మన దేశంలో గుళికలు వంటింటికి రాలేదా అంటే ఒకసారి వచ్చి వెళ్లాయి. బెంగళూరు ఐఐఎస్సీ తోడ్పాటుతో రూపొందిన ఊర్జా పొయ్యి 2006 తరవాత మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల్లో లక్షల్లో అమ్ముడైంది. పంట వ్యర్థాల గుళికలు దాని ఆహారం. వాటి ధర పెరిగేసరికి ఇళ్లవాళ్లు పొయ్యిని అటక ఎక్కించారు. 2021 నుంచి బొగ్గు విద్యుత్ కేంద్రాలు గుళికలను కొంత బొగ్గులో కలపాలని కేంద్రం చెబుతోంది. గుళిక ఇప్పుడు బాయిలర్ దారి పట్టింది.

గుళికలకు తెలుగునాట బంధువు ఒకటుంది: రంపపు పొట్టు పొయ్యి. ఒక డబ్బాకు అడుగున పక్కగా చిల్లు పెడతారు. ఆ చిల్లులోంచి ఒక కర్ర దూర్చి, నడుమ నిలువుగా సీసా నిలబెట్టి, చుట్టూ సా మిల్లు పొట్టు పోసి గట్టిగా కూరుతారు. ఆ తరవాత సీసానూ కర్రనూ మెల్లగా తిప్పుతూ లాగేస్తే నడుమ సొరంగం మిగులుతుంది. కింద చితుకు అంటిస్తే నిప్పు సొరంగం గోడలను నిదానంగా తింటూ పోతుంది, విసరక్కర్లేదు, ఎగదోయక్కర్లేదు. షరతులు రెండే: పొట్టు చెమ్మగిల్లకూడదు, మంట నడుస్తుండగా డబ్బాను ఎవరూ కదపకూడదు. కదిపితే గోడ కూలి సొరంగం పూడిపోతుంది, ఇల్లంతా పొగ కమ్ముతుంది, పాలు సగం కాగి ఉంటాయి.